పడవ తిరిగి వచ్చేదాకా

పార్కుల్లోనూ బోట్ల దగ్గరా ముప్పై ఏళ్లకు పైగా పని చేశాను. పెళ్లిళ్లలో చుట్టాలు కలిసినప్పుడు, "నీకేందే మల్లేశం, అదొక నౌకరా? పొద్దంత చల్లగాలి, పొద్దంత సంబురం," అనేవాళ్లు. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. కాదని చెబితే నమ్మరు.

ఇప్పుడు మన వైపు జలాశయాలు నిండాయి. కట్టల మీద పార్కులు వచ్చాయి, బోట్లు వచ్చాయి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "సార్, పని ఎట్లుంటది?" అని అడుగుతున్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ పోస్టులో ఉన్నానో, ఎవరు సన్మానం చేశారో రాయను. వాటితో మీకు పని లేదు.

పని ఎట్లా ఉంటుందంటే, జనం నవ్వుతున్నంతసేపూ మీరు భయపడుతూ ఉండాలి. వాళ్లు ఇంటికి వెళ్లిపోయాక మీరు నవ్వుకోవచ్చు.

మాది బుగ్గారం. మా నాయిన కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. ఆయన తాటివనానికి పోయిన పొద్దు మా అమ్మ ఇంట్లో పని చేస్తూనే ఉండేది కానీ, గడపలో చెప్పుల చప్పుడు వినిపించేదాకా ఎవరు పలకరించినా సరిగ్గా జవాబు చెప్పేది కాదు. భయంతో పని ఆపకుండా పని చేయడం నేను మొదట చూసింది మా అమ్మ దగ్గరే.

కోరుట్ల, జారుడుబండ

మొదట నన్ను కోరుట్లలో ఒక పార్కులో వేశారు. చిన్న పార్కు. నాలుగు ఊయలలు, రెండు ఇనుప జారుడుబండలు, ఒక గుండ్రంగా తిరిగే కుర్చీల బండి, ఎండిపోయిన ఒక నీళ్ల ఫౌంటెన్. మా పెద్ద విఠల్ సారు. సన్నగా ఉండేవాడు, గట్టిగా మాట్లాడేవాడు కాదు.

చేరిన రోజే నన్ను ఊయల మీద కూర్చోబెట్టాడు. "ఊగు," అన్నాడు. నాకు ఇరవై అయిదేళ్లు. తోటమాలి, గేటు కాడి ముసలాయన ఇద్దరూ చూస్తున్నారు. సిగ్గుపడుతూనే ఊగాను. "పైన కొక్కెం కాడ చప్పుడు ఇనబడుతుందా?" అన్నాడు. వినబడింది. కిర్రుమని కాదు, టక్కుమని. "కిర్రుమంటె నూనె పోయాలె. టక్కుమంటె గొలుసు తియ్యాలె. రోజు పొద్దుగాల నాలుగిట్ల కూసొని ఊగు. పోరగాండ్ల కంటె ముందు నువ్వు ఊగాలె."

అట్లా రోజూ పొద్దున మీసాలున్న మనిషిని ఊయలలూగేవాణ్ని. రోడ్డు మీద పోయేవాళ్లు నవ్వేవాళ్లు.

మే నెలలో మధ్యాహ్నాలు పార్కు మూసి, ఎండ తగ్గాక తెరిచేవాళ్లం. ఒక రోజు రెండు గంటల వేళ గేటు దగ్గరికి ఒక కుటుంబం వచ్చింది. మొగుడూ పెళ్లాం, నాలుగేళ్ల ఆడపిల్ల. మల్లాపూర్ దగ్గరి పల్లె నుంచి దవాఖానకు వచ్చారట. బస్సుకు ఇంకా టైముంది.

"అన్నా, జరసేపు చెట్టు కింద కూసుంటం. పిల్ల ఎన్నడు పార్కు సూడలే," అన్నది ఆ తల్లి.

నాకు జాలేసింది. గేటు తీశాను. వాళ్లు చెట్టు కిందే కూర్చున్నారు, మాట తప్పలేదు. నేను నీళ్ల కుండ దగ్గరికి వెళ్లి వచ్చేసరికి పిల్ల జారుడుబండ మెట్లెక్కేసింది. నేను "ఆగు బిడ్డా" అనేలోపే కూర్చుంది. ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇనుప రేకు మీద సగందాకా జారి, కిందికి పోలేక, పైకి రాలేక, రెండు చేతులూ రేకుకే ఆనించి ఆగిపోయింది. తొడలు, అరచేతులు బొబ్బలెక్కాయి.

తండ్రి నా చొక్కా పట్టుకున్నాడు. తల్లి మాత్రం పిల్లను నల్లా కింద పట్టుకుని కూర్చుంది. వాళ్లను మళ్లీ అదే దవాఖానకు తీసుకెళ్లాను. పిల్ల కోలుకుంది.

సాయంత్రం విఠల్ సారు వచ్చాడు. తిడతాడనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి నన్ను జారుడుబండ దగ్గరికి తీసుకుపోయి, "చెయ్యి పెట్టు," అన్నాడు. పెట్టాను. వెంటనే తీశాను.

"జాలితోటి గేటు తీసినవ్. మంచిదే. గని గేటు తీసెముందు దీని మీద చెయ్యి పెట్టి సూసినవా?"

"లేదు సార్."

"జాలి గేటు దాకనే పనికస్తది మల్లేశం. లోపల చెయ్యే పనికస్తది."

ఆ పూటే రెండు బండల మీదా గోనెసంచులు కప్పి తాళ్లతో కట్టాం. ఆ పని ఒక రోజు ముందు చేసి ఉంటే సరిపోయేది. ఈ వృత్తిలో మీరు నేర్చుకునేది చాలావరకు ఇట్లాగే ఒక రోజు ఆలస్యంగా నేర్చుకుంటారు. ఎవరో ఒకరి ఒంటి మీద నేర్చుకుంటారు. అందుకే పెద్దవాళ్లు చెప్పిన భయాలను చాదస్తమని కొట్టిపారేయకండి.

జగిత్యాల, తాడు

తర్వాత జగిత్యాలలో ఒక చెరువు దగ్గర తొక్కుడు పడవలు పెట్టారు. హంస ఆకారంలో ఉండేవి, కాళ్లతో తొక్కితే కదిలేవి. నన్ను అక్కడికి పంపారు.

అక్కడ నా రోజంతా ఒకటే గొడవ. లైఫ్ జాకెట్ వేసుకోమని నేను, వద్దని జనం. "ఫొటోల మంచిగ పడది." "ఉక్కపోస్తది." "చీర నలుగుతది." "మోకాలు లోతు నీళ్లకు గిదెందుకు?" మోకాలు లోతు కాదని చెప్పినా వినరు. పైనుంచి చూస్తే నీళ్లు ఎప్పుడూ లోతు తక్కువే కనిపిస్తాయి.

ఒక సాయంత్రం కారులో ఒక పెద్దమనిషి వచ్చాడు. ఒకప్పుడు ఊళ్లు ఏలిన ఇంటివాడు. ఆ ఇంటి ముందర మా నాయిన చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాడు. వెంట కోడలు, ఇద్దరు మనవలు. పిల్లలు జాకెట్లు వేసుకున్నారు. ఆయన చేతిలోకి తీసుకోలేదు.

"నేను ఈతగాన్ని రా. ఈ చెర్ల మీ అయ్య పుట్టకముందు ఈదిన. తాడిడువు."

సార్, వేసుకోండి అనాలి. ఆ 'రా' విన్నాక నోరు రావడం లేదు. నీళ్లంటే భయం ఒకటి, ఆ ఇల్లంటే పుట్టుకతో వచ్చిన భయం ఇంకొకటి. నేను చేయగలిగింది ఒక్కటే చేశాను. పడవ తాడు విడవలేదు. రెండు చేతులతో పట్టుకుని, తల దించుకుని నిలబడ్డాను. ఆయన అరిచాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణిగారు. నేను తాడు విడవలేదు. చివరికి ఆయన దిగి, పిల్లలను దింపి, ఏడుస్తున్న చిన్నవాణ్ని రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. మర్నాడు మా ఆఫీసులో నాకు బాగానే చీవాట్లు పడ్డాయి.

వారం గడిచాక ఆ కోడలు పిల్లలను తీసుకుని మళ్లీ వచ్చింది. తను కూడా అడక్కుండానే జాకెట్ తొడుక్కుంది.

"మామయ్యకు మీ మీద కోపం పోలేదన్నా," అంది బకిల్స్ బిగించుకుంటూ. "గని పోరగాండ్లు బోటు బోటని ఏడుస్తాంటె, 'ఆ మొండోని కాడికే తోలుక పో' అన్నడు."

ఆ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. తాడు చేతిలో ఉన్నంతసేపే మన మాట చెల్లుతుంది, విడిచిన తర్వాత నీళ్లదే మాట అని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. పూర్తిగా అర్థమైందనుకున్నాను కూడా. కాలేదని సిరిసిల్లలో తెలిసింది.

సిరిసిల్ల, ఆ ఆదివారం

రిటైర్ కావడానికి కొన్నేళ్ల ముందు సిరిసిల్ల వైపు ఒక జలాశయం దగ్గర బోటింగుకు నన్ను బాధ్యుణ్ని చేశారు. అక్కడ రెండు బోట్లుండేవి. ఒకటి పెద్దది, పాతికమంది కూర్చునే మోటారు బోటు. రెండోది చిన్నది, వేగంగా పోయేది. పెద్దదానికి ఏమైనా అయితే వెళ్లి ఆదుకోవడానికి ఆ చిన్నది ఒడ్డునే సిద్ధంగా ఉండాలి. అదే నియమం.

పెద్ద బోటు నడిపేవాడు గంగారాం. మల్లాపూర్ దగ్గర గోదావరి ఒడ్డున పుట్టినవాడు, చేపలు పట్టే ఇంటివాడు. తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడే ముందు ఎప్పుడూ ఒకసారి ఆకాశం వైపు చూసేవాడు.

మిరుగం, తొలకరి కార్తె, ఇంకా రాలేదు. ఎండలు ముదిరి ఉన్నాయి. ఆ ఆదివారం పొద్దున్నుంచీ జనమే జనం. మధ్యాహ్నం పెగడపల్లి నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒక బండి మాట్లాడుకుని వచ్చారు. సంవత్సరమంతా చాటల ముందు వంగి కూర్చునే మనుషులు. ఆ ఒక్కరోజు కోసం ఎన్నాళ్లనుంచి అనుకున్నారో. పులిహోర, గారెలు గిన్నెల్లో కట్టుకొచ్చారు. తమ వంతు కోసం ఎండలో రెండు గంటలు నిలబడ్డారు, ఒక్కరు కూడా విసుక్కోలేదు.

వాళ్లలో నర్సవ్వ అని ఒక పెద్దామె. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఒడ్డునే ఆగిపోయారు, ఆమె కూడా ఎక్కనంది.

"నేను రానే. నీళ్లంటె నాకు బుగులు. మీరు పోయిరాండ్రి, నేను గిన్నెలు సూసుకుంట ఈడ్నే కూసుంట."

ఆమె కూతురు లత చంకలో తొమ్మిది నెలల పాప ఉంది. "పిల్లనన్న ఇచ్చి పోవే," అంది నర్సవ్వ. "పాలకేడుస్తది అమ్మా, నా తోనే ఉండనియ్," అని లత ఎక్కేసింది.

అప్పుడే నాకు మా పై అధికారి నుంచి ఫోను. ఆయనకు కావలసినవాళ్లు ఎవరో వస్తున్నారు, రాగానే చిన్న బోటులో తిప్పాలి, వాళ్లు గుంపులో నిలబడలేరు, పెద్ద బోటును తొందరగా పంపించి జెట్టీ ఖాళీ చేయించు. జెట్టీ అంటే బోటు ఎక్కేందుకు నీళ్లలోకి కట్టిన ఇనుప బల్ల. "సార్, చిన్న బోటు ఒడ్డునే ఉండాలె గదా," అన్నాను. "పది నిమిషాలకేమైతది మల్లేశం?" అన్నాడు. సరేనని ఫోను పెట్టేశాను.

గంగారాం నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, పడమర మొగులైతాంది. గాలి సూడు, బందయ్యింది. గిట్ల బందైతె నాకు మంచిగనిపిస్తలేదు."

నేనూ చూశాను. పడమటి అంచున నల్లగా ఒక గీత. చెట్ల ఆకు కదలడం లేదు. నాకూ అది మంచిగా అనిపించలేదు. కానీ ఒక వైపు ఫోను, మరో వైపు అంతసేపు ఎండలో నిలబడి ఇప్పుడు బోటెక్కి నవ్వుతున్న ఆ ఆడవాళ్లు. వాళ్లను దిగమని చెప్పడానికి మనసొప్పలేదు.

"ఒక్క సుట్టు తిప్పుకొని రా. గా ఎదురుంగున్న గుట్ట దాటి పోకు," అన్నాను.

గంగారాం నన్నొకసారి చూశాడు. ఇంజను వేశాడు. తాడు నా చేతులతోనే విప్పాను.

పావుగంటలోపే అతిథులు వచ్చారు. చిన్న బోటు వాళ్లను ఎక్కించుకుని పెద్ద బోటు వెళ్లిన దానికి ఎదురు దిక్కుకు వెళ్లింది. అది వెళ్లిన కాసేపటికే గాలిదుమారం లేచింది.

క్షణాల్లో వచ్చింది. ముందు దుమ్ము, దాని వెనక చలిగాలి. టికెట్ల గదిపైని రేకు లేచి పడింది. కుర్చీలు దొర్లిపోయాయి. పచ్చగా, సాపుగా ఉన్న నీళ్లు ఒక్కసారిగా మట్టిరంగు తిరిగి, ఒడ్డును కొట్టడం మొదలుపెట్టాయి. పెద్ద బోటు గుట్ట వెనక్కి పోయింది, కనిపించడం లేదు. గంగారాం ఫోను కలవడం లేదు. చిన్న బోటు అతిథులతో అవతలి ఒడ్డుకు చేరి అక్కడే ఆగిపోయింది. నా దగ్గర ఒక్క బోటు లేదు.

సాయం కోసం పోలీసులకు ఫోను చేశాను. అవతలివాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: "బోట్ల ఎందరున్నరు?"

టికెట్ల పుస్తకం చూశాను. పద్దెనిమిది.

పక్కనే నిలబడ్డ ఒకావిడ, "లతక్క సంకల పిల్ల ఉన్నది, దానికి టికెట్ తియ్యలే," అంది. ఇంకొకామె, "మా రేణుక పిల్లలిద్దరు గూడ ఎక్కిండ్రు గదా?" అంది. "చిన్నోడు ఎక్కలేదు గదనే?" "ఎక్కిండు, నేను సూసిన." వాళ్లలో వాళ్లకే తెలియదు. నాకూ తెలియదు. ఫోనులో "హలో, ఎందరు సార్?" అని మళ్లీ అడుగుతున్నారు. నేను పంపిన పడవలో ఎన్ని ప్రాణాలున్నాయో నాకు తెలియదు. ఇన్నేళ్ల నౌకరీలో అంత సిగ్గు, అంత భయం నాకు ఎప్పుడూ కలగలేదు.

నర్సవ్వ గిన్నెల దగ్గర నుంచి లేచి వచ్చింది. ఏడవడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ల వైపు చూస్తోంది.

"అయ్యా, బోటు ఎటు వోయింది?"

"అస్తది అవ్వా. గుట్టెనక ఆగి ఉంటరు."

"నీకు ఈత అస్తదా?"

"అస్తది అవ్వా."

"మరి ఈడ నిలబడ్డవేంది?"

ఆ మాటకు నా బుర్ర పని చేయడం మానేసింది. చొక్కా విప్పి నీళ్లలోకి దిగాను. నడుము లోతుకు వెళ్లానో లేదో ఒక చెయ్యి నన్ను వెనక్కి లాగింది. చేపలు పట్టే పోచయ్య. గాలికి భయపడి అప్పుడే తెప్పను ఒడ్డుకు ఎక్కించాడు.

"పిచ్చి లేసిందా? గుట్ట దాక ఈదుతవా? ముంగటనే పోతవ్. అప్పుడు నిన్ను దేవులాడాలె మేము." నన్ను ఒడ్డున కూలేశాడు. "నీ బోటును నేను సూసిన. తాళ్ల మొద్దుల దిక్కు పోతాంది. ఇంజను చప్పుడు లేదు. ఇంకేమడుగకు, నాకు తెల్వది."

తాళ్ల మొద్దులంటే నీళ్లు నిండినప్పుడు మునిగిపోయిన తాటివనం. తలలు రాలిపోయి మొండేలు మాత్రం నీళ్లపైకి కనిపిస్తాయి. ఆ మొద్దులకు బోటు కొట్టుకుంటే పగులుతుంది. అందుకే అటు పోవద్దని నేనే బోర్డు రాయించాను.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. వాన మొదలైంది. ఎవరూ నీడకు పోలేదు. నర్సవ్వ నా పక్కన బురదలో కూర్చుని, ఒక్కో అల వచ్చినప్పుడల్లా నా మోకాలు మీద చెయ్యి గట్టిగా అదిమేది. నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

గాలి కొంచెం తగ్గగానే, సాయం ఇంకా రాకముందే, పోచయ్య వాళ్ల మోటారు పడవ తీశాడు. నేను కూడా ఎక్కాను. గుట్ట మలుపు తిరిగేదాకా నాకు చూడాలని లేదు. తిరిగాక చూడకుండా ఉండలేకపోయాను.

బోటు ఉంది. నిలబడే ఉంది. ఒక తాటి మొద్దుకు తాడు చుట్టి కట్టి ఉంది. ముందు భాగంలో గంగారాం నిలబడి, ఇంకో మొద్దుకు వేసిన రెండో తాడును చేతులతో లాగి పట్టుకున్నాడు, బోటు మొద్దుకు కొట్టుకోకుండా. గుట్ట దగ్గర ఇంజను ఆగిపోయిందట. గాలి మొద్దుల వైపే తోస్తోందని తెలుసుకుని, భయపడే చోటునే పట్టుకొమ్మ చేసుకున్నాడు. అరచేతులు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. ఒంటి మీద జాకెట్ లేదు. పాపకు సరిపోయే జాకెట్ మా దగ్గర లేదు. అందుకని తనది విప్పి లతకు, పాపకు కలిపి ఒకటిగా చుట్టి కట్టాడు.

నేను బోటులోకి ఎక్కి ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. గంగారాం కాక ఇరవై ఒక్కరు. మళ్లీ లెక్కపెట్టాను.

తడిసి వణుకుతున్న ఒకామె నన్ను చూసి అంది: "సారూ, లెక్కవెట్టుడు గిప్పుడు యాదికచ్చిందా?"

ఒడ్డుకు వచ్చాక నర్సవ్వ పరిగెత్తలేదు. మెల్లగా వచ్చి పాపను తీసుకుంది. తల వాసన చూసింది. కూతురి వీపు మీద ఒకటి గట్టిగా చరిచింది, తర్వాత అదే చేత్తో నిమిరింది. అప్పుడు నా వైపు తిరిగింది. నా కాళ్లూ చేతులూ ఆగకుండా వణుకుతున్నాయి.

"గిప్పుడు గిట్ల వణుకుతున్నవ్ గదా," అంది. "తోలేటప్పుడు వణకాలె కొడుకా."

"ఏం కాలేదు గదా"

ఆ సాయంత్రం మా అధికారి ఫోను చేశాడు. "ఏం కాలేదు గదా?" అని అడిగాడు. "ఏం కాలేదు సార్." "మరింకేంది, ఇడిసిపెట్టు. ఎవ్వరితోని అనకు."

ఆయన చెడ్డవాడని రాయను. తన పనిలో తనను కూడా ఎవరో తొందరపెడుతుంటారు. కానీ ఒక సంగతి గట్టిగా చెబుతాను. ఈ వృత్తిలో మనుషులను ముంచేది గాలీ నీళ్లూ మాత్రమే కాదు. 'పది నిమిషాలకేమైతది', 'ఏం కాలేదు గదా' అన్న ఈ రెండు మాటలు కూడా. మొదటిది బోటు పోకముందు అంటారు, రెండోది అది తిరిగొచ్చాక. ఆ రెండింటి మధ్య ఎవరి బిడ్డో నీళ్లమీద ఉంటుంది.

నేను ఇడిసిపెట్టలేదు. మర్నాడు ఆఫీసుకు పోయి, చిన్న బోటు ఎవరి మాట మీద కదిలిందో, గంగారాం వద్దన్నా నేను ఎట్లా పంపానో, లెక్క అడిగితే నేను ఎట్లా నోరు వెళ్లబెట్టానో అందరి ముందూ చెప్పాను. నా తప్పును ముందు చెప్పాను కాబట్టి ఆయన తప్పును చెప్పడానికి నోరొచ్చింది. ఆయన చాలా నెలలు నాతో మాట్లాడలేదు. నన్ను తీసేస్తారేమోనని కొన్నాళ్లు అన్నం సయించలేదు. తీసేయలేదు.

గంగారాం చేతులకు కట్లు కట్టుకుని వారం ఇంటి దగ్గరున్నాడు. తిరిగొచ్చిన రోజు జెట్టీ మీద నా పక్కన కూర్చున్నాడు.

"ఆ పొద్దు నేను చెప్పిన గదన్నా."

"చెప్పినవ్."

"నువ్వు ఇనలే."

"ఇనలే గంగారాం."

"ఇగ మల్ల నేను వద్దంటె బోటు పోదు. నువ్వన్నా పోదు, నీ మీదోళ్లన్నా పోదు."

"పోదు."

మా ఇద్దరి మధ్య జరిగిన ఆ ఒప్పందమే తర్వాత అక్కడ పద్ధతి అయింది. నడిపేవాడు వద్దంటే వద్దు. కారణం కూడా చెప్పనక్కర్లేదు. చిన్న బోటు తాళంచెవి నా జేబులోనే. చంకలోని పిల్ల అయినా లెక్కలో ఒక మనిషి. ఎక్కేటప్పుడు నేను గట్టిగా పైకి లెక్కపెట్టేవాణ్ని, జనం నవ్వినా సరే. పసిపిల్లలకు జాకెట్లు వచ్చేదాకా పసిపిల్లలను ఎక్కించలేదు. దానికి తిట్లు తిన్నాను. తల్లులు నా ముఖం మీదే శాపనార్థాలు పెట్టారు.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. ఆ ఆదివారం తర్వాత నేను మారిపోయాను. ఆదివారం వస్తోందంటే శనివారం నుంచే మాటిమాటికీ బయటికొచ్చి పడమర చూసేవాణ్ని. ఇంట్లో ఎవరైనా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడేవాణ్ని. డాక్టరు దగ్గరికి పోతే మాత్రలిచ్చాడు, కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు. మీకు ఇట్లాంటిది జరిగితే దాచుకోకండి, దాచుకోవడం మగతనం అనుకోకండి. అయితే భయాన్ని మొత్తంగా పోగొట్టుకోవాలని కూడా చూడకండి. కొంచెం ఉంచుకోండి. నాకు తెలిసిన మంచి బోటువాళ్లలో భయం లేనివాడు ఒక్కడూ లేడు.

మొన్న

మా రాజవ్వ, నా భార్య, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బోటు ఎక్కలేదు. నేను పనిలో ఉన్నప్పుడు ఆమెను ఎక్కించడానికి నాకే ధైర్యం చాలలేదు. రిటైరయ్యాక ఆమె ఒకటే పోరు. "ఊరందర్ని తిప్పినవ్. నన్ను ఎన్నడు తిప్పుతవ్?" మొన్న ఒక పొద్దున సిరిసిల్ల బస్సెక్కాం. మంచి చీర కట్టుకుంది. సర్వపిండి చేసి డబ్బాలో పెట్టుకుంది.

ఇప్పుడు అక్కడ బాధ్యత చూస్తున్నది ఒక అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయేమో. నన్ను ఎప్పుడూ చూడలేదు. మేము జెట్టీ దగ్గరికి వెళ్లేసరికి గొలుసు అడ్డం వేసి ఉంది. ముందర చాలామంది నిలబడి గొడవ చేస్తున్నారు.

"ఇయ్యాల బోటు పోదు పెద్దయ్యా," అంది నాతో.

"ఎందుకు బిడ్డా?"

"గాలి అస్తదనిపిస్తాంది."

నేను పడమర చూశాను. చిన్న మబ్బు ఒకటి ఉంది. అది వస్తుందనీ చెప్పలేం, రాదనీ చెప్పలేం. వరసలో ఒకాయన, "ఏ గాలమ్మా? ఆకు కదులుతలేదు. పైకి ఫోన్ చేస్త ఉండు," అని ఫోను తీశాడు. నిజంగానే చేశాడు. ఆమెకు ఇచ్చాడు. ఆమె విని, "సార్... సార్... పోదు సార్," అని ఫోను తిరిగి ఇచ్చేసింది. ఆమె చెయ్యి వణకడం నేను చూశాను. గొలుసు మీద నుంచి మాత్రం తీయలేదు.

నేనెవరో చెబుదామనుకున్నాను. నువ్వు చేసింది మంచి పని అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఇంకొకరు మంచిదంటేనే నిలబడే ధైర్యం కాదు అది.

రాజవ్వ ముఖం చిన్నబోయింది. "గింత దూరం అచ్చి..." అంది. కట్ట కింది పార్కులో గడ్డి మీద కూర్చుని సర్వపిండి తిన్నాం. ఆమె కోపంతో నీళ్ల వైపు వీపు పెట్టి కూర్చుంది. నేను నీళ్ల వైపు, జెట్టీ మీద ఒంటరిగా నిలబడి ఇంకా పడమరే చూస్తున్న ఆ అమ్మాయి వైపు చూస్తూ కూర్చున్నాను. ఒకరొకరుగా జనం తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

ఆఖరి బస్సు వేళదాకా ఉన్నాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. గాలి రాలేదు.